శివ్ కుమార్ బటాల్వీ: తెలుగు పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

శివ్ కుమార్ బటాల్వీ ఎవరు?

పంజాబీలో 20వ శతాబ్దపు కవుల్లో జనం నోళ్ళలో అందరికంటే ఎక్కువగా నానుతున్న కవి. 1936 జూలై 23న పుట్టి 1973 మే నెలలో పోయాడు. ముప్ఫయ్యేడు నిండలేదు. రాసిన కాలం పట్టుమని పదిహేనేళ్ళు కూడా ఉండదు. పాటలు, గజళ్ళు, దీర్ఘ కవితలు రాశాడు. 'లూణా' అనే పద్యనాటకానికి 1967లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అప్పటివరకూ ఆ పురస్కారం అందుకున్నవాళ్ళలో ఆయనే అందరికంటే చిన్నవాడు.

ఈ పేజీ రాయడానికి కారణం ఒక్కటే. మనవాళ్ళలో చాలామందికి శివ్ ఒక సినిమా పాట ద్వారానో, పాకిస్తాన్ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్ గొంతు ద్వారానో తెలుసు. "ప్రేమలో ఓడిపోయి తాగి చచ్చిపోయిన కవి" అన్న ఒక్క వాక్యంతో ఆయన కథ ముగించేస్తారు. ఆ వాక్యం కింద పడి 'లూణా' కనబడకుండా పోయింది. తెలుగువాళ్ళకైతే ఆ నాటకం మరీ దగ్గరిది. ఎందుకో కిందికి వెళ్తే తెలుస్తుంది.

బటాల్వీ అనేది ఇంటిపేరా?

కాదు. బటాలా ఊరివాడు కనుక బటాల్వీ. లూధియానా నుంచి వచ్చిన ఉర్దూ కవి సాహిర్, సాహిర్ లూధియాన్వీ అయినట్టు. పంజాబీలు మాత్రం ఇంత పొడుగ్గా పిలవరు. 'శివ్' అంటారు, అంతే. ఏకవచనంలో, ఇంట్లో తమ్ముణ్ణి పిలిచినట్టు. ఆ చనువు నాక్కూడా అలవాటైంది. కింద అక్కడక్కడ 'శివ్' అనే రాశాను.

ఎక్కడ పుట్టాడు? దేశ విభజన ఆయన్ని తాకిందా?

పుట్టింది బడా పిండ్ లోహ్‌టియాఁ అనే పల్లెలో, శకర్‌గఢ్ తహసీలు. అప్పట్లో అది గురుదాస్‌పూర్ జిల్లా. ఆ జిల్లాలో నాలుగు తహసీళ్ళు ఉండేవి. స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజులకు, 1947 ఆగస్టు 17న, సరిహద్దు గీత ఎక్కడుందో ప్రకటించారు. గురుదాస్‌పూర్, బటాలా, పఠాన్‌కోట్ ఇటు వచ్చాయి. రావి నదికి అవతల ఉన్న శకర్‌గఢ్ ఒక్కటీ పాకిస్తాన్‌లోకి పోయింది. పదకొండేళ్ళ పిల్లవాడు కుటుంబంతో బటాలా చేరాడు. సొంత జిల్లాలోనే పరాయి దేశం పుట్టుకొచ్చిందన్నమాట.

విభజన మీద ఆయన నేరుగా రాసింది తక్కువ. కానీ 'దుద్ధ్ దా కతల్' అని ఒక కవిత ఉంది, 'పాల హత్య' అని అర్థం. అవతలి వైపున్న సోదరుణ్ణి ఉద్దేశించి, మనమిద్దరం కలిసి మన అమ్మను చంపిన రోజు నీకూ గుర్తుండే ఉంటుంది కదా అని మొదలుపెడతాడు. నువ్వు చంపావనలేదు, నేను చంపాననీ అనలేదు. ఇద్దరం అన్నాడు. విభజన మీద వచ్చిన కవిత్వంలో ఆ 'ఇద్దరం' చాలా అరుదుగా వినబడుతుంది.

ఏం చదువుకున్నాడు?

మెట్రిక్ 1953లో పాసయ్యాడు. తర్వాత ఒక్కటీ పూర్తి చెయ్యలేదు. బటాలాలోని బేరింగ్ క్రిస్టియన్ కాలేజీలో సైన్సు చేరి మానేశాడు. ఖాదియాన్‌లో ఆర్ట్స్ చేరి మానేశాడు. హిమాచల్‌లోని బైజ్‌నాథ్‌లో సివిల్ ఇంజనీరింగు చేరి అదీ మానేశాడు. నాభాలో కొన్నాళ్ళున్నాడు. రెవెన్యూ శాఖలో పనిచేసే తండ్రికి ఇది ఎంత దిగులు కలిగించి ఉంటుందో ఊహించుకోవచ్చు. కొడుకును తన శాఖలోనే పట్వారీగా కుదిర్చాడు.

పట్వారీ అంటే తెలంగాణలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కోస్తాలో కరణం అనండి. పొలం గట్లు, గొలుసు కొలతలు, ఎవరి చెట్టు ఎవరి హద్దులో ఉంది అనే తగాదాలు. శివ్‌కి ఆ పని నచ్చలేదు, కొద్ది కాలానికే వదిలేశాడు. అయితే ఆయన కవిత్వంలో ఏ ముళ్ళ పొద ఏ నేలలో మొలుస్తుందో, ఏ పిట్ట ఏ వేళ కూస్తుందో, బావి గట్టున ఏ గడ్డి ఉంటుందో అంత కచ్చితంగా ఉండటానికి పల్లెల్లో తిరిగిన ఆ రోజులు కూడా కారణమని నేననుకుంటాను. తర్వాత బతుకుతెరువు కోసం స్టేట్ బ్యాంకులో చేరాడు. 1967లో పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. 1968లో చండీగఢ్‌కు మారాడు.

ఏయే పుస్తకాలు వచ్చాయి?

మొదటిది 'పీడాఁ దా పరాగా', 1960. అక్కణ్ణుంచి దాదాపు ఏటా ఒకటి: 'లాజ్‌వంతీ' 1961, 'ఆటే దీయాఁ చిడియాఁ' 1962, 'మైనూ విదా కరో' 1963, 'బిరహా తూ సుల్తాన్' 1964, 'లూణా' 1965. తర్వాత వేగం తగ్గింది. 1970లో 'మైఁ తే మైఁ' వచ్చింది. అసలు పంట అంతా ఆరేళ్ళలో చేతికొచ్చింది. ఇరవై నాలుగేళ్ళకు మొదలుపెట్టి ఇరవై తొమ్మిదేళ్ళకు 'లూణా' రాశాడు.

'పీడాఁ దా పరాగా' అంటే ఏమిటి? అందరూ వేరువేరుగా అనువదిస్తున్నారు.

ఈ ప్రశ్న నాకు ఇష్టమైనది. చాలామంది 'బాధల బుట్ట' అనో 'బాధల గుప్పెడు' అనో రాస్తారు. కాస్త పంజాబు పల్లెలోకి వెళ్ళాలి. సాయంత్రం పూట ఊళ్ళో ఒకామె భట్టీ రాజేస్తుంది. పిల్లలూ ఆడవాళ్ళూ ఇంటి నుంచి మొక్కజొన్నలో శనగలో కొంగున కట్టుకొచ్చి ఆమెకిస్తారు. కాగిన ఇసుకలో ఆమె వేయించి ఇస్తుంది. ఒక్కసారికి మంగలంలో పోసే గింజల్ని 'పరాగా' అంటారు.

తెలుగులో దీనికి మాట ఉంది: వాయి. ఒక వాయి గారెలు, రెండు వాయిల పేలాలు అంటాం కదా, అదే. 'బాధల వాయి'. కవితలో అతను భట్టీ దగ్గర కూర్చున్న పిల్లను అడుగుతాడు, నా బాధలు ఒక వాయి వేయించి పెట్టు, కూలి కింద నా కన్నీళ్ళిస్తానని. పొద్దు పోతోంది, ఇంటికి వెళ్ళాలి, త్వరగా కానియ్యమంటాడు. తన దుఃఖాన్ని అంత మామూలు ఇంటిపనిలోకి తెచ్చి కూర్చోబెట్టిన మొదటి కవితల్లో ఇదొకటి. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు రాసినదంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

'బిరహా దా సుల్తాన్' అని ఎందుకంటారు?

బిరహా అంటే మన విరహమే. ఆ మాట శివ్ పుట్టించినది కాదు, బాబా ఫరీద్‌ది. సూఫీ కవి ఫరీద్ శ్లోకాలు గురు గ్రంథ్ సాహిబ్‌లో ఉన్నాయి. ఒకచోట ఆయన, అందరూ విరహం విరహం అంటారు, విరహమా నువ్వు సుల్తానువి, నువ్వు పుట్టని దేహం శ్మశానంతో సమానం అంటాడు. శివ్ తన 1964 పుస్తకానికి పేరు అందులోంచే తీసుకున్నాడు. అక్కడ సుల్తాను విరహమే, కవి కాదు. తర్వాత జనం ఆ కిరీటాన్ని తీసి కవి నెత్తిన పెట్టారు.

ఈ చిన్న తేడా పట్టించుకోవాలి. ఫరీద్ నుంచి షా హుసేన్, బుల్లే షా దాకా పంజాబీలో విరహం అంటే దేవుడి కోసం వేచి ఉండటం. పురుషుడైన కవి స్త్రీ గొంతుతో పాడతాడు. మనకు అన్నమయ్య శృంగార కీర్తనలు, క్షేత్రయ్య పదాలు ఎలాగో అలాగ. శివ్ ఆ గొంతును తీసుకుని అందులోంచి దేవుణ్ణి తప్పించాడు. మిగిలింది మనిషి. వేచి ఉండటం మాత్రం అంతే తీవ్రంగా ఉంది. అందుకే ఆయన పాటలో 'మాయే నీ మాయే', అమ్మా ఓ అమ్మా, అన్న పిలుపు వినబడగానే పంజాబీ ముసలమ్మలకు షా హుసేన్ గుర్తొస్తాడు.

ఆయన కృష్ణశాస్త్రి లాంటివాడా?

తెలుగువాళ్ళు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న. నేను కృష్ణశాస్త్రిని ప్రేమించేవాణ్ణే. కానీ పోలిక ఎంతో దూరం పోదు. కృష్ణశాస్త్రి దుఃఖం ఆకాశంలో, వెన్నెల్లో, మబ్బుల్లో తేలుతుంది. శివ్ దుఃఖం వంటింట్లో, పొలంలో, మంచం పక్కన ఉంటుంది.

ఉదాహరణకు 'మాయే నీ మాయే' అని మొదలయ్యే పాట, నుస్రత్ ఫతే అలీ ఖాన్ పాడినది. అందులో కవి పాటలు చంటిపిల్లల్లా ఉంటాయి. వాటి కళ్ళలో విరహం నలుసులా పడి గరగరమంటోంది. అర్ధరాత్రి లేచి చచ్చిపోయిన నేస్తాల కోసం ఏడుస్తాయి. అమ్మా, నిద్ర పట్టడం లేదు అంటాడు. వెన్నెలను దూదిలా సుగంధంలో తడిపి కట్టినా నొప్పి తగ్గదు, గోరువెచ్చని ఊపిరితో కాపడం పెట్టినా తగ్గదు. వెన్నెల ఉంది, నిజమే. కానీ అది కంటికి కట్టే దూది అయింది. కాపడం పెట్టడం అనే మాట భావకవిత్వంలో ఎక్కడైనా దొరుకుతుందేమో చూడండి.

డేగ పాట అర్థం ఏమిటి?

'శిక్‌రా' అంటే చిన్న డేగ. ఆ పాటలో ఒక అమ్మాయి తల్లితో చెప్పుకుంటోంది: అమ్మా, నేనొక డేగను నేస్తం చేసుకున్నాను. తలమీద తురాయి, కాళ్ళకు గజ్జెలు, గింజలు ఏరుకుంటూ వచ్చాడు. అతని రూపం చురుక్కుమనే ఎండ, పైగా పరిమళాల దాహం ఉన్నవాడు. చూరీ కలిపి పెడితే తినలేదు, గుండె మాంసం పెట్టింది. ఎగిరిపోయాడు, మళ్ళీ రాలేదు.

చూరీ అంటే రొట్టెను వేడిగా ఉండగానే నెయ్యి, తీపి వేసి చేత్తో నలిపి కలిపినది. తెలంగాణలో సద్దుల బతుకమ్మకు చేసే మలీద తెలిసినవాళ్ళకు ఇది చప్పున అర్థమవుతుంది. పిల్లలకూ, ప్రియమైనవాళ్ళకూ పెట్టేది. పంజాబీ జానపద ప్రేమకథలో హీర్ తన రాంఝా కోసం చూరీ పట్టుకెళ్ళేది. వేటాడి మాంసం తినే పక్షికి మలీద ముద్ద పెట్టడంలోనే ఆ పిల్ల అమాయకత్వమంతా ఉంది. డేగ తప్పు చెయ్యలేదు. అది డేగ.

ఆయన పోగొట్టుకున్న ప్రేయసి ఎవరు?

బైజ్‌నాథ్ జాతరలో మైనా అనే అమ్మాయిని చూశాడనీ, ఆమెను వెతుక్కుంటూ ఇంటికి వెళ్తే జ్వరంతో చనిపోయిందని తెలిసిందనీ చెప్తారు. ఆ పేరుతో ఆయన రాసిన శోకగీతం ఉంది. తర్వాత ఇంకో ప్రేమ, ఆ అమ్మాయి పెళ్ళి చేసుకుని విదేశాలకు వెళ్ళిపోవడం గురించీ కథలున్నాయి. నేను ఇంతకుమించి తవ్వను. ఎవరి కోసం రాశాడో తెలిస్తే డేగ పాట ఇంకాస్త బాగా అర్థమవుతుందా? నాకు కాలేదు.

సినిమాల్లో వచ్చిన ఆయన పాటలు ఏవి?

2016లో వచ్చిన 'ఉడ్తా పంజాబ్'లో 'ఇక్ కుడీ' పాటకు మూలం శివ్ కవిత. 2009 నాటి 'లవ్ ఆజ్ కల్'లో 'అజ్జ్ దిన్ చఢేయా' పాట మొదటి ముక్క ఆయనదే. సినిమాలకు బయట జగ్‌జీత్ సింగ్, చిత్రా సింగ్, సురీందర్ కౌర్, ఆసా సింగ్ మస్తానా ఆయన పాటలను ఇంటింటికీ చేర్చారు.

'ఇక్ కుడీ' అసలు కవిత పేరు 'ఇశ్తిహార్', అంటే ప్రకటన. తప్పిపోయినవాళ్ళ కోసం పేపర్లో వేసే ప్రకటన ఎలా ఉంటుందో ఆ పద్ధతిలోనే నడుస్తుంది. ఒక అమ్మాయి, పేరు ప్రేమ, కనబడటం లేదు. రూపురేఖలు ఇవి, నడక ఇలా ఉంటుంది, నవ్వితే ఇలా ఉంటుంది. పాటగా వింటే ప్రేమగీతం. కాగితం మీద చదివితే చివరికి వచ్చేసరికి ఊరంతా ఆ ప్రకటన అంటించుకుంటూ తిరుగుతున్న మనిషి కనబడి కడుపులో దేవినట్టవుతుంది. దయచేసి ఒక్కసారైనా కాగితం మీద చదవండి.

'లూణా' కథ ఏమిటి?

సియాల్‌కోట్ రాజు సల్వాన్‌కు ఇచ్ఛరాఁ అనే రాణి వల్ల పూరన్ పుట్టాడు. పుట్టగానే పన్నెండేళ్ళు తండ్రి ముఖం చూడకుండా భూగృహంలో ఉంచారు. ఈలోపు రాజు వయసు మళ్ళాక లూణా అనే పడుచుపిల్లను పెళ్ళాడాడు. ఆమెది పేద చర్మకారుల కుటుంబం. పూరన్ బయటికొచ్చి పినతల్లికి దండం పెట్టబోయాడు. లూణా అతన్ని కోరింది. అతను కాదన్నాడు. ఆమె రాజుకు తిరగేసి చెప్పింది. రాజు కొడుకు కాళ్ళూ చేతులూ నరికించి బావిలో వేయించాడు. గోరఖ్‌నాథుడు వచ్చి బతికించాడు. పూరన్ యోగి అయ్యాడు, పూరన్ భగత్ అయ్యాడు. ఆ బావి సియాల్‌కోట్ దగ్గర ఇప్పటికీ ఉంది.

ఇది జనంలో తరతరాలుగా పాడుకున్న కిస్సా. 19వ శతాబ్దంలో కాదర్‌యార్ రాసినది బాగా ప్రసిద్ధి. అందరి చెప్పడంలోనూ పూరన్ మహాత్ముడు, లూణా పాపిష్ఠిది. పంజాబులో ఆ పేరే ఒక తిట్టు అయింది.

శివ్ ఆ కథను తిరగేశాడు. పాత్రల్నీ సంఘటనల్నీ పెద్దగా మార్చలేదు, కూర్చున్న చోటు మార్చాడు. లూణా పక్కన కూర్చుని కథ చూశాడు. ఎనిమిది అంకాల నాటకం నటి, సూత్రధారుడి సంభాషణతో చంబా కొండల్లో మొదలవుతుంది. అక్కడ ఒక వేడుకకు వచ్చిన సల్వాన్ లూణాను చూసి మోహిస్తాడు. పేద తండ్రికి రాజును కాదనే దారి లేదు. అంటే పూరన్ కథలోకి అడుగుపెట్టకముందే నేరం జరిగిపోయింది.

తర్వాత లూణా తన నెచ్చెళ్ళ దగ్గర మాట్లాడే మాటలు పంజాబీ సాహిత్యంలో అంతకుముందు ఎవరూ అనలేదు. నా గర్భాన పుట్టనివాడికి నేను తల్లినెలా అయ్యాను, అతని కంటే నేను పెద్దయితే ఒక్క ముద్దంత పెద్ద అంటుంది. తండ్రి వయసువాడు కూతురు వయసు పిల్లను అనుభవిస్తే లోకానికి సిగ్గు లేదు, లూణా పూరన్‌ను కోరితే మాత్రం శీలం లేనిదని నాలుక ఎలా ఆడిందని అడుగుతుంది.

లూణాను పతివ్రతను చెయ్యలేదు శివ్. ఆమె అబద్ధం ఆడిందన్న సంగతి దాచలేదు. పూరన్‌ను దుర్మార్గుణ్ణీ చెయ్యలేదు. తప్పు ఎక్కడ మొదలైందో మాత్రం చూపించాడు. 1965లో, ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో, ప్రేమపాటలు రాస్తాడని పేరుపడ్డ మనిషి!

ఈ కథ ఎక్కడో విన్నట్టుందే?

విన్నారు. సారంగధరుడి కథ.

రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు, రాణి రత్నాంగి, కొడుకు సారంగధరుడు, చిన్న రాణి చిత్రాంగి. పావురం ఎగిరి చిత్రాంగి మేడ మీద వాలుతుంది, సారంగధరుడు దానికోసం వెళ్తాడు. ఆమె కోరుతుంది, అతను కాదంటాడు, ఆమె రాజుకు చాడీ చెప్తుంది. రాజు కొడుకు కాళ్ళూ చేతులూ నరికిస్తాడు. సిద్ధుడొకడు వచ్చి కాపాడతాడు. నరికిన చోటు ఇదేనని రాజమహేంద్రవరంలో సారంగధర మెట్టను చూపిస్తారు.

రెండు కథలూ ఒకే చెట్టు కొమ్మలు. ఆ చెట్టు నాథ యోగుల సంప్రదాయం. అవయవాలు పోగొట్టుకుని సిద్ధుడైన చౌరంగినాథుడు నవనాథుల్లో ఒకడు. పంజాబులో పూరన్ భగతే చౌరంగినాథుడంటారు. మన గౌరన 'నవనాథచరిత్ర'లో సారంగధరుడే చౌరంగి అవుతాడు. సియాల్‌కోట్ నుంచి గోదావరి దాకా జోగులు మోసుకొచ్చిన కథ ఇది. వెళ్ళిన ప్రతి చోటా అక్కడి రాజు పేరు, అక్కడి కొండ పేరు పెట్టుకుంది. చేమకూర వెంకటకవి దీన్ని కావ్యం చేశాడు, ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకం చేశారు, 1957 సినిమాలో భానుమతి చిత్రాంగి, రామారావు సారంగధరుడు.

మనకూ లూణా ఉంది. కొన్ని కథనాల్లో చిత్రాంగికి ముందు చూపించింది సారంగధరుడి పటమే. అతనే వరుడనుకుని వచ్చిన పిల్లను తండ్రి కట్టుకున్నాడు. ఇంత పెద్ద మోసం కథలోనే ఉన్నా మన జ్ఞాపకంలో మిగిలింది 'విషాద' సారంగధరుడే. చిత్రాంగి విషాదం గురించి అడిగినవాళ్ళు బహు తక్కువ. చలం 'చిత్రాంగి' పేరుతో నాటకం రాశారు. శివ్ 'లూణా' చదివాక ఆ నాటకాన్ని మళ్ళీ తీసి చదివాను. రావి ఒడ్డున ఒకరు, గోదావరి దేశంలో ఒకరు, ఒకే ఆడదాని తరఫున నిలబడ్డారు. మీరు తులనాత్మక సాహిత్యం విద్యార్థి అయితే పరిశోధనకు ఇంతకంటే మంచి విషయం దొరకదు.

సమకాలీన విమర్శకులు ఆయన్ని ఎందుకు తప్పుబట్టారు?

ఏడుపు తప్ప ఇంకేం లేదని. సమాజం పట్టలేదని. 1960ల చివర్లో నక్సల్బరీ గాలి పంజాబుకు తగిలింది. విప్లవ కవి పాశ్ పుస్తకం 'లోహ్ కథా' 1970లో వచ్చింది. లాల్ సింగ్ దిల్, సంత్ రామ్ ఉదాసీ లాంటి కవులు కూలిజనం గొంతుతో రాస్తున్నారు. తెలుగులో అదే 1970లో విరసం పుట్టింది కనుక ఆ కాలపు వేడి మనకు విడమరచి చెప్పక్కర్లేదు. ఆ వేడిలో శివ్ పాటలు చాలామందికి పాతబడ్డ విలాపాల్లా వినిపించాయి.

నాకు పాశ్ అన్నా ప్రాణమే. అయినా ఈ విమర్శలో పావు వంతే నిజముంది. శివ్ తొలి పుస్తకాల్లో కొన్ని పాటలు ఒకే బాధ చుట్టూ గానుగెద్దులా తిరుగుతాయి, ఒప్పుకుంటాను. కానీ చర్మకారుడి కూతుర్ని రాజు కొనుక్కోవడం గురించి అంత సూటిగా రాసినవాడికి సమాజం పట్టలేదని ఎలా అంటాం? బటాలా ఇనుప కార్ఖానాల ఊరు. 'లోహే దా శహర్' అని ఇనుప నగరం మీద ఆయన రాసిన కవిత ఉంది. చెట్ల మీద ఒకటి ఉంది: కొన్ని చెట్లు నాకు కొడుకుల్లా కనిపిస్తాయి, కొన్ని అమ్మల్లా, కొన్ని కోడళ్ళలా అంటూ సాగుతుంది. ఇవేవీ ఏడుపు కాదు.

ఇంగ్లండులో ఇచ్చిన ఇంటర్వ్యూ గురించి చెప్తారా?

1972లో అక్కడి పంజాబీల పిలుపు మీద వెళ్ళాడు. అప్పటి బీబీసీ ఇంటర్వ్యూ దొరుకుతుంది. ఆయన కదులుతూ మాట్లాడుతూ కనిపించే రికార్డింగు ఇది తప్ప మరొకటి నేను చూడలేదు. బతకడమే నెమ్మదిగా చేసుకునే ఆత్మహత్య, ఆలోచించే ప్రతివాడికీ ఇది తప్పదు అన్న మాట అందులోదే. ఆ ఒక్క ముక్కనే కత్తిరించి అందరూ పంచుకుంటారు. మొత్తం చూడండి. గొంతెత్తి పాడేటప్పుడు ఆయన కళ్ళు ఎక్కడున్నాయో చూడండి. కవిత చదవడం కాదది, తరన్నుమ్‌లో పాడటం. రాగం కట్టినది ఆయనే. తర్వాత గాయకులు పాడిన బాణీలు ఎంత తీయగా ఉన్నా ఆ ముతక గొంతు దగ్గరికి నేను మళ్ళీ మళ్ళీ వెళ్తుంటాను.

ఎలా చనిపోయాడు?

కాలేయం పాడై. తాగుడు చాలా ఏళ్ళుగా ఉంది. ఇంగ్లండు ఆతిథ్యాలు దాన్ని పెంచాయి. 1972 సెప్టెంబరులో తిరిగి వచ్చేసరికే మనిషి చిక్కిపోయాడు. ఆస్పత్రులు తిరిగాడు, డబ్బుకు ఇబ్బంది పడ్డాడు. 1973 మేలో పఠాన్‌కోట్ వైపు కిరీ మంగియాల్ అనే పల్లెలో, భార్య పుట్టింట్లో పోయాడు. పడుచు వయసులో చచ్చిపోవాలని పాటల్లో ముందే రాసుకున్నాడనీ, అదే జరిగిందనీ గొప్పగా చెప్పేవాళ్ళున్నారు. నాకది గొప్పగా అనిపించదు. ఇద్దరు పసిపిల్లలు తండ్రి లేకుండా మిగిలారు. 'లూణా' రాసినవాడు నలభై ఐదేళ్ళకు ఏం రాసేవాడో మనకు దక్కలేదు.

పాకిస్తాన్‌లో కూడా చదువుతారా?

చదువుతారు, పాడతారు. ఇటు గురుముఖి లిపి, అటు షాముఖి లిపి. భాష ఒకటే. ఆయన పుట్టిన ఊరు అటే ఉంది కదా. ఇటు బటాలాలో ఆయన పేరిట ఆడిటోరియం ఉంది.

పంజాబీ రానివాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి?

చెవితో. ముందు శివ్ సొంత గొంతు వినండి, తర్వాత నుస్రత్, తర్వాత జగ్‌జీత్. నాగరి లిపిలో అచ్చయిన పుస్తకాలున్నాయి. హిందీ చదవగలిగితే సగం మాటలు పట్టుబడతాయి. మిగతా సగానికి పల్లె పంజాబీ తెలిసినవాళ్ళెవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి, మీ వీధి చివర దాబాలో అయినా సరే. 'పీడాఁ దా పరాగా' అన్నానో లేదో ఎదుటి మనిషి మిగతాది పాడటం నాకు ఎదురైంది. పాటలు చెవికి పట్టాక 'లూణా' తెరవండి. పాటల నుంచి మొదలుపెడితే దాని బరువు తెలియదు.

తెలుగులోకి తేవాలనుకునేవాళ్ళకు ఏమైనా సలహా?

సంస్కృత సమాసాలు దగ్గరికి రానియ్యకండి. విరహానలము, వేదనాభరితము లాంటివి వేస్తే శివ్ చచ్చిపోతాడు. ఆయన మాటలకు మన పల్లెల్లో మాటలు సిద్ధంగా ఉన్నాయి: వాయి, మంగలం, కాపడం, నలుసు, మలీద.

'లూణా'లో అన్నిటికంటే కష్టమనిపించిన మాట 'హాణ్'. సమవయసు అని నిఘంటువు చెప్తుంది. లూణా వాదమంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది, పూరన్ నా హాణ్‌వాడు, రాజు కాదు అని. 'సమవయస్కుడు' అని రాస్తే కోర్టు కాగితంలా ఉంటుంది. చాలా రోజులు వెతికాను. మా అమ్మమ్మ ఒక పెళ్ళి సంబంధం గురించి మాట్లాడుతూ "ఈడూ జోడూ చూడకుండా ఎలా ఇచ్చార్రా ఆ పిల్లని" అంది. ఆ పక్కనే కూర్చుని ఉన్నాను. పుస్తకం తీసి, 'హాణ్' ఉన్న ప్రతి చోటా పెన్సిల్‌తో 'ఈడు' అని రాసుకున్నాను.